సాహెబు తిప్పిన నల్లా

పూరీల వాసనకి ఎవరికైనా ఆకలేస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. మా ఊరి జిల్లా పరిషత్ బడి వంటషెడ్డులో పెద్ద మూకుడు పెట్టి, ఆఫీసు నుంచి వచ్చే సాహెబు, అంటే అధికారి కోసం ఊరి ఆడవాళ్లంతా పూరీలు వేయించిన రోజు నుంచీ ఇంతే.

మాది మరాఠీ గడ్డ మీద, కొర్పనా తాలూకాలో పత్తి పండించే తెలుగు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తరాలుగా ఇక్కడే బతుకుతున్నా, ఆఫీసుల్లో నోరు తెరవాలంటే మా వాళ్లకి ఇంకా జంకే. నేను గోండ్‌పిప్రి వైపు నుంచి కోడలిగా వచ్చాను. పదో తరగతి దాకా చదువుకున్నాను. "మరాఠీ మంచిగ మాట్లాడుతది" అని నన్ను బడి కమిటీలో వేసింది మా మామగారి అన్న. పెద్దమామ అంటాం. ఊళ్లో ఆయన మాటకి తిరుగులేదు. నా మరాఠీ గురించి ఆయనన్న మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు లేవు. గోడలున్నాయి, తలుపుంది, తలుపు పక్కన రంగుల్లో శుభ్రత గురించి రాసిన రాతలున్నాయి. నల్లా కూడా ఉంది. బడి బోరు ఎండిపోయి చాలా కాలమైంది గనక అందులోంచి గాలి కూడా రాదు.

నా కూతురు అప్పుడు ఆరో తరగతి. పొద్దున నీళ్ల సీసా నిండుగా తీసుకెళ్లేది, సాయంత్రం నిండుగానే తెచ్చేది. ఎందుకు తాగవే అని కసిరితే, "తాగితే పోవాల్సొస్తది గదమ్మా, ఏడికి పోవాలె?" అంది. ఎండాకాలంలో కూడా అంతే. చివరికి జ్వరం, మూత్రంలో మంట. దవాఖానలో డాక్టరమ్మ నన్నే తిట్టింది, పిల్లకి నీళ్లు తాగించడం కూడా తెలియదా అని. ఇంటికొచ్చాక మా ఆయన తేల్చేశాడు. "బడికి వోయి రోగం తెచ్చుకునుడు దేనికి? ఇప్పుడే గిట్లుంటే పెద్దగైనంక ఎట్ల? నీళ్ల సంగతి తేలకుంటే వచ్చే ఏడు మాన్పిస్త." ఊళ్లో అప్పటికే చాలామంది ఆడపిల్లలు అలాగే మానేసి పత్తి ఏరుతున్నారు. నా కూతురికి మాత్రం బడి అంటే ప్రాణం.

వచ్చే ఏడాది ఖర్చుల కోసం బడికి ఏమేం కావాలో ప్రతి కమిటీ ముందుగా ఆఫీసుకి చెప్పాలి. ఎవరికి ఏం ఇవ్వాలో వాళ్లు తేలుస్తారు. మా కమిటీ మగవాళ్లు ప్రతిసారీ అడిగేవి వేరే. జెండా పండక్కి స్టేజీ కావాలి, మైకు కావాలి, గేటు మీద ఊరి పేరుతో కమాను కావాలి. పక్క ఊరి బడికి కమాను ఉందట, మనకి లేకపోతే తలవంపులట. ఈసారి నేను గొంతు చించుకున్నాను. కొత్త బోరు, మోటరు ముందు రాయండి, మిగతావి మీ ఇష్టం అన్నాను. మా గురూజీ, అంటే హెడ్మాస్టరు, మరాఠీ ఆయన, మెత్తటి మనిషి. ఆయన నా వైపే మాట్లాడాడు. అందరూ గొణుక్కుంటూనే సరే అన్నారు. బోరు ముందు పెట్టించాను, కమాను చివరికి జరిగింది.

కొన్నాళ్లకి కబురొచ్చింది. లెక్క ఖరారు చేసే ముందు సాహెబు ఒకాయన స్వయంగా బడి చూడ్డానికి వస్తాడని. నేను పొంగిపోయాను. ఎండిన నల్లా తిప్పి చూపిస్తే చాలు, ఇంక ఎవరూ మాట్లాడక్కర్లేదు అనుకున్నాను.

మా ఊళ్లో ఒక పద్ధతుంది. ఎవరింటికి చుట్టాలొచ్చినా, పెళ్లివారొచ్చినా ఊరంతా కలిసి ఆ ఇంటిని నింపేస్తుంది. ఒకరు మంచాలు పంపుతారు, ఒకరు జంపఖానాలు, ఒకరు బిందెలతో నీళ్లు. ఆ ఇంటి లేమి బయటివాళ్ల కంట పడకూడదు. మంచి పద్ధతే, కాదనను. నా పెళ్లప్పుడు మా పుట్టింటివాళ్లు అది చూసే ముచ్చటపడి పిల్లనిచ్చారు.

సాహెబు వచ్చే ముందురోజు మా ఊరు అదే పని చేసింది. పెద్దమామ తన చేని బోరు దగ్గర ట్యాంకరు నింపించి, ట్రాక్టరుతో లాగించి, బడి పైట్యాంకులో పోయిస్తుంటే నేను పరుగెత్తాను.

"ఏం చేస్తుండ్రు మామా? నీళ్లు లేవనే గదా మనం అడిగింది?"

"లేవని నోటితోటి చెప్దాం బిడ్డా. కండ్లకు చూపెడ్తమా? పెండ్లిచూపులకొచ్చినోళ్ల ముందట చినిగిన చీర కట్టి నిలవెడ్తరా పిల్లను?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు అక్కడే ఆ పైపు లాగి పారేయాలనిపించింది.

మర్నాడు బడి పెళ్లిల్లే. భజన మందిరం జంపఖానా, ఎవరింటివో ఫ్యాన్లు, ఇంకెవరి కూలరో. నా స్టీలు గ్లాసులు మా అత్తమ్మ నాకు చెప్పకుండానే పట్టుకుపోయింది. సాహెబుకి శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి ఫోటోలు దిగారు. నేను ఆయన వెనకే నడిచాను. మరుగుదొడ్డి దగ్గర ఆయనే నల్లా తిప్పాడు. నీళ్లు బుస్సుమని వచ్చి ఆయన ప్యాంటు తడిసింది. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. "అరే, పాణీ తర్ ఛాన్ ఆహే!" అన్నాడు. నీళ్లు బాగానే ఉన్నాయే అని.

నేను మరాఠీలోనే గట్టిగా చెప్పాను. సాహెబ్, ఇవి నిన్న ట్యాంకరుతో తెచ్చి పోసిన నీళ్లు, బోరు ఎండిపోయింది, మా ఆడపిల్లలు రోజంతా నీళ్లు తాగకుండా కూర్చుంటున్నారు అన్నాను.  సాహెబు గురూజీ వైపు చూశాడు. గురూజీ నేల చూపులు చూశాడు. ఇన్నాళ్ల మెత్తదనం దేనికి పనికొస్తుందో నాకప్పుడు అర్థమైంది.

పెద్దమామ మాత్రం నవ్వుతూ ముందుకొచ్చాడు. తనకొచ్చిన ముక్కల మరాఠీలో సాహెబుతో అన్నాడు, మా కోడలు సాహెబ్, దీనికి మరాఠీ సరిగా రాదు, ఒకటి చెప్పబోయి ఇంకోటి చెబుతుంది అని. మళ్లీ నవ్వులు. సాహెబు కూడా తల ఊపి, చెయ్యి తుడుచుకుని, పూరీలు తినడానికి వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండానే గురూజీ చెప్పాడు. మన బడికి నీటి సౌకర్యం ఉందని తేలిందట, బోరు వేరే ఊరికి వెళ్లిందట. మనకి కమాను మంజూరైందట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తిన్నగా పెద్దమామ ఇంటికి వెళ్లాను.

"నీళ్లున్నయని చూపెట్టిండ్రు గదా మామా. ఇగ రోజూ నింపుండ్రి."

"రోజూ ట్రాక్టర్ ఏడికెల్లి వస్తది బిడ్డా? ఆనాడంటే సాహెబొచ్చిండు."

"సాహెబుకు పోసిన నీళ్లు మన పిల్లలకు పొయ్యరాదా?"

ఆయనకి కోపం కూడా రాలేదు. నా తెలివితక్కువతనానికి జాలిపడ్డట్టు చూశాడు. "బయటోళ్ల ముందట ఇజ్జత్ గావాలె. పిల్లలు మనోళ్లే గదా, సదురుకుంటరు."

సర్దుకున్నారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు మా ఆయన అన్నంత పనీ చేశాడు. నేను పోట్లాడాను, తిండి మానేశాను, పుట్టింటికి వెళ్లి వచ్చాను. ఏదీ సాగలేదు. నా కూతురు ఇప్పుడు నాతో పాటు చేనుకి వస్తోంది. పత్తి బాగా ఏరుతుందని అత్తమ్మ నలుగురికీ గొప్పగా చెబుతుంది. ఆ మాట వింటే పళ్లు పటపటా కొరుకుతాను.

కమాను పూర్తయింది. ఎర్ర రంగు, పసుపు రంగు, మీద ఊరి పేరు. దాన్ని ప్రారంభించడానికి వచ్చే వారం మళ్లీ ఆ సాహెబే వస్తున్నాడు. ఇవాళ పొద్దున బడి ముందు ట్యాంకరు ఆగడం చేనుకి వెళ్తూ ఇద్దరం చూశాం. ఈసారి నీళ్లు ముందుగానే తెచ్చి బడి కడుగుతున్నారు. నేను పెద్దగా తిట్టడం మొదలుపెట్టాను. నా కూతురు నా కొంగు పట్టుకుని లాగింది.

"అమ్మా, సాహెబొచ్చిన దినం నేను గూడ బడికి వోత. బాపుకు చెప్పవా? ఆ దినమైతే నీళ్లుంటయ్ గదా."