జానీ పెట్టిన ఎర్ర లైటు

బూర్గంపాడులో జీపులకు వైరింగ్ చేసే జానీకి ఒకటే గొప్ప. తాను పెట్టిన లైటు మళ్లీ రిపేరుకు రాదని. డ్యాష్‌బోర్డుల్లో పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టడం మొదలైన కొత్తలో, బ్యాటరీ వోల్టేజికి సరిపోతాయని, కరెంటును తగ్గించే రెసిస్టర్లు చిన్నవి వేశాడు. ఇంజన్ నడిచేటప్పుడు వోల్టేజి పెరిగి లైట్లు మాడిపోయాయి. డ్రైవర్లంతా నవ్వారు. దాంతో పౌరుషం పొడుచుకొచ్చి, మడివి గంగయ్య జీపులో ఎర్ర లైటుకు పదింతల పెద్ద రెసిస్టరు వేశాడు. ఇక మాడే ప్రసక్తే లేదు. రేకుల షెడ్డు నీడలో ఆ లైటు ఎర్రగా, ముచ్చటగా కనిపించింది కూడా.

ఎండాకాలంలో గంగయ్య జీపును తాడు కట్టి లాక్కొచ్చారు. దారిలో ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేసింది. ఆయిల్ తగ్గితే చెప్పాల్సింది ఆ ఎర్ర లైటే.

"లైటు రాలేదన్నా," అన్నాడు గంగయ్య. అని, చాయ్ తాగడానికి పోయాడు.

జీపు ఎండలోనే ఉంది. జానీ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. లైటు కనిపించలేదు. మీటరు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, వంగి చూశాడు. నీడలో ఎర్రగా వెలుగుతోంది. తల కొట్టేసినట్టయింది. మాడకుండా కాపాడిన లైటు ఎండలో కంటికే ఆనడం లేదు.

గంగయ్య ఎప్పుడొచ్చాడో, పక్కనుంచి తొంగిచూశాడు.

"మంచిగనే వెలుగుతంది గదన్నా. నేనే సూసుకోలే. ఊకెనే నీ పని మీద అనుమానపడ్డ, ఏమనుకోకు."

జానీ చెయ్యి తియ్యలేదు.