వాన తెచ్చే ఫైరింజన్

మా చిన్నప్పుడు... ఫిల్మ్‌నగర్‌లో ఫైరింజన్ గంట వినిపిస్తే ఎవరూ భయపడేవారు కాదు. ఉన్నపళంగా వీధిలోకి పరుగే! మాకు ఫైరింజన్ అంటే మంట కాదు... వాన.

చుట్టుపక్కల బంగళాల్లో రోజూ ఏదో ఒక షూటింగ్. వాన సీను ఉంటే ఫైరింజన్ వచ్చేది. పైపుతో నీళ్ళు పైకి చిమ్ముతుంటే అటు హీరోయిన్, ఇటు మేము... అందరం తడిసి ముద్దయ్యేవాళ్ళం. టీ బడ్డీ దగ్గర ఖాకీ బట్టలాయన నిజం పోలీసో, వేషం పోలీసో కాళ్ళు చూస్తేగానీ తెలిసేది కాదు. వేషం పోలీసుకి హవాయి చెప్పులుండేవి లెండి! అంబులెన్సు వచ్చినా "ఎవరి సినిమా?" అని అడిగే వీధి మాది.

మేముండేది మేడ మీద వాటాలో. కింద సినిమా బట్టల గోదాము. నాన్న అందులోనే కాస్ట్యూమర్. ఆయన ఊళ్ళో లేని ఓ వేసవి మధ్యాహ్నం, అమ్మ కిరసనాయిలు క్యూకి వెళ్తూ, "తమ్ముడు పడుకున్నాడు. వాణ్ణి వదిలి గడప దాటావంటే వీపు పగిలిపోద్ది" అంది. వాడికి మూడేళ్ళు, నాకు తొమ్మిది.

సందు చివర వాన షూటింగ్ అని ఎవరో కేకేశారు... నేను గడప దాటాను.

అక్కడ ఎంతసేపు నిలబడ్డా ఏమీ లేదు. ఇంతలో గంట... ఎర్రబండి! "వానొచ్చింది" అంటూ పిల్లలమంతా దానికి అడ్డంగా గంతులు వేశాం. పెద్దవాళ్ళు కూడా కెమెరా ఎక్కడుందా అని దిక్కులు చూస్తూ రోడ్డు మధ్యే నిలబడ్డారు. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, ఒక్కరూ కదలరు.

బండిలోంచి మీసాలాయన ఒకరు దూకారు. "జరగుండ్రి! షూటింగ్ కాదు గిది! బట్టల గోదాముకు నిప్పంటుకున్నది. యాడున్నది గోదాము?"

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. "మా ఇల్లే... పైన తమ్ముడున్నాడు" అన్నాను.

"తొవ్వ చూపెట్టు బిడ్డా" అంటూ ఆయన నన్ను ఎత్తి బండిలో కూర్చోబెట్టారు. ఆ బండి ఎక్కాలని ఎన్నాళ్ళ కోరికో నాది... ఎక్కిన రోజు ఏడుస్తూనే ఉన్నాను.

మెట్ల నిండా పొగ. ముందు కరెంటు లైన్‌మన్ స్తంభం ఎక్కి కరెంటు తీసేశాడు. బూట్లున్న నిజం పోలీసు జనాన్ని వెనక్కి నెడుతున్నాడు. మీసాలాయన కిటికీకి నిచ్చెన వేసుకుని లోపలికి దూరారు... అంత పొడుగు మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు. చివరికి తడి దుప్పట్లో తమ్ముణ్ణి చుట్టుకుని దిగుతుంటే జనం చప్పట్లు. "డూప్ అదరగొట్టాడ్రా!" అన్నాడు వెనక ఒకడు, ఇంకా షూటింగే అనుకుంటూ.

అంబులెన్సు మనిషి తమ్ముడి ముక్కుకి ఆక్సిజన్ పెట్టాడు. వాడు దగ్గి, దగ్గి, ఒక్కసారి గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విని నేనూ మళ్ళీ ఏడ్చాను.

అప్పుడే అమ్మ ఖాళీ డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. తమ్ముణ్ణి గుండెకి హత్తుకుని నావైపు తిరిగింది. "నువ్వెక్కడ చచ్చావే?"

మసి తుడుచుకుంటున్న మీసాలాయనే అందుకున్నారు. "పిల్లనేం అనకమ్మా. ఇల్లు చూపెట్టింది గీ బిడ్డనే. లేకుంటే మేం ఇంకా గా సందులల్లనే తిరుగుతుంటిమి."

బండికి అడ్డంగా గంతులేసిన నన్ను ఆయన కళ్ళారా చూశారు. అయినా ఆ మాట అమ్మకి చెప్పలేదు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి అమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది, "అక్కే తమ్ముణ్ణి కాపాడింది" అని. వాడూ ప్రతి రాఖీకి అదే మాట. నేను సిగ్గుతో నవ్వి ఊరుకునేదాన్ని. తమ్ముడూ, ఇది చదువుతున్నావుగా... ఆ రోజు నేను గడప దాటానురా. నిన్ను వదిలేసి వానలో తడవడానికి వెళ్ళాను.

నిన్న చెక్‌పోస్టు దగ్గర సైరన్ వేసుకుంటూ అంబులెన్సు ఇరుక్కుపోయింది. ఎవరూ కదల్లేదు... ఆ రోజు మేం కెమెరా ఎక్కడుందా అని వెతుకుతూ దారివ్వలేదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్ కెమెరాలే. అందుకే ఇన్నాళ్ళకి నోరు విప్పాను.

మీ ఇంటికీ ఎప్పుడో ఒకరు అలా పరుగెత్తుకొచ్చి ఉంటారు. వాళ్ళ పేరు గుర్తుంటే ఇక్కడ రాయండి... నేను ఆ మీసాలాయన పేరు కూడా అడగలేదు.