బంతిపూల వెనక వంగిన కడ్డీ

నలభై ఏళ్ళకు పైగా ఈ బరువు మోశాను. నిటారుగా నిలబడి మోశాను కాబట్టి ఎవరికీ కనిపించలేదు. మన ఇంటి మగవాళ్ళు వీపు వంచరని నాయన అనేవాడు. అమీర్‌పేటలో తోట పోయింది, ఇల్లు పోయింది, ఆ వీపు ఒక్కటే నాకు మిగిలింది. అది దేన్ని దాచిపెట్టిందో మీకు చెప్పాలి.

పాత ఫోటోల్లోని మోటర్లను గుర్తుపట్టడం నాకు తెలిసిన ఒకే విద్య. తాతల ఫోటోలు పట్టుకుని పంజాగుట్ట నుంచి, లక్డీకాపూల్ నుంచి జనం వస్తారు. దీపాల ఆకారం, చక్రాల పుల్లలు, బానెట్ పక్కన గాలి ఆడే చీలికలు చూసి అది ఏ దేశపు బండో, ఏ కాలానిదో చెబుతాను. ఫోటో వెనక పెన్సిల్‌తో రాసిస్తాను. ఒకాయన తాత దర్జాగా ఆనుకుని నిలబడిన మోటరు, ఫోటో తీసేవాడు తెచ్చిన కిరాయి బండి అని మొహం మీదే చెప్పాను. ఆయన ఫోటో లాక్కుని వెళ్ళిపోయాడు. అబద్ధం రాయనని నాకు గర్వం. నిజమే, ఎప్పుడూ రాయలేదు. ఒకసారి చెప్పాను.

పందొమ్మిది వందల ముప్ఫైలలో మా ఇంట్లో రెండు మోటర్లుండేవి. ఒకటి నాయనది, ఒకటి చిన్నాయనది. ఒకే కంపెనీ, ఒకే ముదురాకుపచ్చ రంగు. చిన్నాయన వకీలుగా సంపాదించి తనది తాను కొనుక్కున్నాడు. అయినా మా ఇంట్లో ఏది కొన్నా కాగితాలు పెద్దవాడి పేరు మీదే ఉండేవి. అలా రెండూ కాగితాల మీద నాయనవే. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

చిన్నాయన మోటరు ఇంటికి తెచ్చిన రోజు పక్క సీట్లో నేనున్నాను. గేటులోకి తిప్పబోయి స్తంభానికి తగిలించాడు. ముందు దీపాలు రెండింటినీ కలిపే కడ్డీ నడుమ కాస్త కిందికి వంగింది. “మీ నాయనకు చెప్పకురా” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సంగతి చిన్నమ్మకు కూడా తెలియనివ్వలేదు. ఆ దసరాకు కొత్త మోటరుకు పూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందంతా నంబరు కూడా కనిపించకుండా బంతిపూల దండలు. చిన్నాయన, చిన్నమ్మ దాని పక్కన నిలబడితే ఫోటో తీశారు.

కొన్నేళ్ళకు చిన్నాయన మంచం పట్టాడు. అప్పుడే ఒక మోటరు అమ్ముడుపోయింది. తమ్ముడి వైద్యానికి తమ్ముడి బండే అమ్మానని నాయన అందరికీ చెప్పాడు. షెడ్డులో మిగిలిన మోటరు కడ్డీ వంగి ఉంది. చూశాను. నాయన అమ్మింది తన పాత బండినేనని తెలిసిపోయింది.

చిన్నాయన పోయాక చిన్నమ్మ మోటరు అడిగింది. ఉన్నది మా ఆయనదే, డ్రైవరును పెట్టి కిరాయికి తిప్పుకుంటాను, ఎవరి చేతి కిందా ఉండకుండా నా బిడ్డను సాకుకుంటాను అంది. నాయన కాదన్నాడు. ఇద్దరి మధ్య పెద్దమనిషిగా మా మేనత్త భర్తను పిలిచారు. చిన్నమ్మ పెట్టెలోంచి దసరా ఫోటో తీసి ఆ మామ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు.

“ఎడ్లను చూపియ్యుండ్రి, ఏ సంతల కొన్నరో చెప్త. గీ మోటర్లు నాకేమెరుక? బంతిపూలు తప్ప ఏం కనవడ్తలేదు.” నా వైపు తిరిగాడు. “నువ్వు మోటర్ల పిచ్చోనివి గదరా. ఫోటోల ఉన్నది, షెడ్డుల ఉన్నది ఒక్కటేనా?”

తలుపు దగ్గర నిలబడిన చిన్నమ్మ అంది: “వాడేదంటే గదే అన్నా. వాడు అబద్ధమాడడు.”

దండల సందులోంచి కడ్డీ కనిపిస్తూనే ఉంది.

“కాదు మామా. ఫోటోల ఉన్నది అమ్మిన బండి. షెడ్డుల ఉన్నది నాయనది.”

“పక్కానా?”

“పక్కా.”

షెడ్డు మేం కూర్చున్న వరండాకు ఎదురుగానే ఉంది. ఎవరూ లేచి వెళ్ళలేదు. నా మాట ఉండగా ఎందుకు వెళ్తారు? చిన్నమ్మ ఫోటోను తీసుకుని కొంగుతో తుడుచుకుంది. “గట్లనా బిడ్డా” అంది. అంతే. ఆ గొంతులో అనుమానం లేదు. ఉండి ఉంటే ఈ బరువు ఇంత ఉండేది కాదేమో.

ఎందుకు చేశాను? నాయన నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన పరువు కోసం చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. పంజాగుట్ట సడక్ మీద జట్కాలో కూర్చుని, మోటర్లలో పోయే నా ఈడువాళ్ళకు ఎదురుపడటం నాకు ఇష్టం లేకపోయింది. ఆ మెత్తటి సీటు కోసం ఒక ఆడమనిషి బతుకుతెరువు తీసుకున్నాను.

పోనీ ఆ సీటైనా దక్కిందా? యుద్ధం వచ్చి పెట్రోలు దొరకలేదు. మోటరు షెడ్డులోనే నిలిచిపోయింది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. చివరికి ఇంటితో పాటు అదీ పోయింది. చిన్నమ్మ బోరబండలో తమ్ముడింట చేరి, ఆ వంటింట్లోనే ముసలిదైపోయింది. దసరాకు వెళ్ళి జమ్మి ఆకు ఆమె చేతిలో పెట్టి కాళ్ళు మొక్కేవాణ్ణి. “బంగారమోలె బతుకు బిడ్డా” అనేది. వీపు వంచి, ఆమె పాదాల దగ్గర తల పెట్టి కూడా చెప్పలేకపోయాను. ఆమె పోయినప్పుడు, ఇక చెప్పనక్కర లేదని ఒక క్షణం అనిపించింది. మీకు అదీ చెప్పాలి.

మొన్న ఆమె కూతురు రుక్కమ్మ శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చింది. చేతిలో అదే ఫోటో.

“పిల్లలు అడుగుతున్నరు అన్నా. గీ మోటరు నాయనదేనా, ఊకె పక్కన నిలవడ్డడా? అమ్మ ఏమడిగినా చెప్పకపోతుండె.”

భూతద్దం చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టేశాను. గేటు స్తంభం దగ్గర మొదలుపెట్టి, మామ అడిగిన చివరి మాట దాకా చెప్పాను. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

రుక్కమ్మ ఫోటో మీద వేలు పెట్టి కడ్డీని వెతికింది. దొరికాక వేలు తీయలేదు.

“అమ్మ ఉన్నప్పుడు చెప్పకపోతివి” అంది. తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. ఫోటో తిప్పి నా ముందు పెట్టింది. “అందరికి రాసిస్తవట గద. నాకు సుత రాసియ్యి. పెన్సిల్ వద్దు.”

పెన్నుతో రాశాను. ఈ మోటరు మా చిన్నాయనది. షెడ్డులో మిగిలింది ఇదే. కాదని చెప్పింది నేను. కింద సంతకం పెట్టాను.

సిరా ఆరేదాకా ఊది, సంచిలో పెట్టుకుని, ఛాయ్ తాగకుండానే వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుందో లేదో తెలియదు. రమ్మనే హక్కు నాకు లేదు.

తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. చాలాసేపటికి గమనించాను, ఇన్నేళ్ళూ దేనికీ ఆనించని నా వీపు కుర్చీకి ఆనుకుని ఉంది. అలాగే ఉండనిచ్చాను.