తుప్పు పౌరుషం

మా అత్తవారింట్లో మగవాళ్ళ గొప్పంతా ఒక పాత జీపు క్లచ్ పెడల్ మీద నిలబడి ఉండేది. నౌపడ దగ్గర మాకు ఉప్పు మళ్ళున్నాయి. ఆ గట్ల మీద ఈ జీపు తప్ప మరో బండి నిలవదు. దాని క్లచ్ తొక్కాలంటే సీట్లోంచి సగం లేచి, పళ్ళు బిగించి, గోడని తన్నినట్టు తన్నాలి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ ఎక్కించి ఆ పెడల్ తొక్కించేవారు. అతను ఆయాసపడితే వీళ్ళు మీసాలు సవరించుకునేవారు. లోపల కాఫీలు కలుపుతూ ఆ నవ్వులు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఇది మగోడి బండి" అనేవాడు మా మరిది. అలా అనే ఈ అయ్యగారు దాన్ని తోలింది ఎక్కువగా టీ కొట్టు దాకానే. రోజూ తెల్లవారగానే మళ్ళలో పనిచేసేవాళ్ళకి తాగేనీళ్ళ డ్రమ్ములు తీసుకెళ్ళేది మాత్రం మా ఆయన. అక్కడ ఎటు చూసినా నీళ్ళే, గుక్కెడు గొంతులో పోసుకోవడానికి పనికిరావు.

పోయినేడు మా ఆయన ఎడమ మోకాలు పూర్తిగా పాడైంది. ఇక క్లచ్ తొక్కొద్దని శ్రీకాకుళం డాక్టరు గట్టిగా చెప్పాడు. మర్నాడే మా మరిది తాళం కోసం చెయ్యి చాపాడు. పొద్దున్నే నీళ్ళు తెచ్చేవాడి మాటే మళ్ళలో చెల్లుతుంది. జీపు అతని చేతికి వెళితే రేపు మళ్ళూ అతనివే. ఆ సంగతి నాకు తెలుసు, అతనికీ తెలుసు. మా ఆయనకి మాత్రం అది తమ్ముడి ప్రేమలా కనిపించింది.

"నేను నడుపుతాను" అన్నాను. గజపతినగరం సంతకి మా పుట్టింటి కూరగాయల వేను తోలినదాన్ని.

"నువ్వేటి నడుపుతావు వొదినా? ముందు క్లచ్ తొక్కి సూపించు" అన్నాడు మరిది.

ఎక్కి తొక్కాను. సగం దిగి ఆగిపోయింది. రెండు కాళ్ళూ పెట్టాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. మోకాలికి పట్టీ వేసుకుని కూర్చున్న మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుని నేను ఇప్పటికీ క్షమించలేదు.

పెడల్ తేలిక చేయించాల్సిందేనని పట్టుబట్టాను. మా మరిది తన స్నేహితుణ్ణే, టెక్కలి మెకానిక్కుని, పిలుచుకొచ్చాడు. ఆ మహానుభావుడు క్లచ్ ప్లేటు మార్చాడు, కేబుల్ మార్చాడు. పెడల్ కదిలితే ఒట్టు. "అన్నీ మార్సీసేనమ్మా, ఇంక మార్సాల్సింది డ్రైవర్నే" అని ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. చివరికి ఆ కేబుల్ కూడా విప్పేసి, ఇంకోటి తెస్తానని చెప్పి పోయాడు.

ఆ మధ్యాహ్నం అందరూ భోంచేసి నిద్రపోయారు. నేను వెళ్ళి జీపులో కూర్చుని పెడల్ మీద కాలు పెట్టాను. అదే బరువు. కేబుల్ లేదు. కాలికీ క్లచ్‌కీ మధ్య ఏమీ లేదు. పెడల్‌ని వెనక్కి లాగే చిన్న స్ప్రింగు కూడా విప్పి చూశాను. అయినా మొరాయించింది. దేనికీ కట్టని పెడల్‌కి ఇంత బరువెక్కడిది?

గోనెసంచి పరుచుకుని కింద దూరాను. పెడల్ తిరిగే కడ్డీ చుట్టూ ఉప్పుగాలికి తుప్పు పొరలు పొరలుగా పట్టి ఉంది. గ్రీజు ఎక్కించే నిపిల్ మాత్రం ఎంత వెతికినా కనపడలేదు. ఏటేటా దసరాకి ఈ ఘనులు జీపుకి రంగు వేయించి, పసుపు రాసి, కుంకుమ పెట్టి దండం పెట్టేవారు. ఆ రంగుల కింద నిపిల్ పూడుకుపోయింది. గ్రీజు పెట్టాలని మాత్రం ఇంతమంది మగాళ్ళలో ఒక్కడికీ తట్టలేదు.

వంటింటి చాకుతో రంగు గీకాను. కిరసనాయిలు పోసి, పెడల్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కూర్చున్నాను. ఎర్రటి నీళ్ళు కారాయి. మా ట్రాక్టరు గ్రీజు గన్ను తెచ్చి కొత్త గ్రీజు బయటికి పొంగేదాకా కొట్టాను. పొద్దు వాలేసరికి పెడల్ అరచేతికి దిగింది. ఇన్నాళ్ళూ వీళ్ళు చుట్టాలకి చూపించి మురిసిన పౌరుషం నా చీర మీద మరకలై మిగిలింది.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు వచ్చి కొత్త కేబుల్ తగిలించి వెళ్ళాడు. నేను ఎక్కబోతుంటే మా మరిది అడ్డొచ్చి తనే ఎక్కాడు. ఇంజను స్టార్ట్ చేసి, అలవాటు ప్రకారం లేచి ఒక్క తన్ను తన్నాడు. పెడల్ నేలకి కొట్టుకుంది. గేరు పడగానే కంగారుపడి కాలు తీసేశాడు. జీపు కప్పలా గెంతి ఆగిపోయింది. వెనకున్న డ్రమ్ము దొర్లి నీళ్ళన్నీ అతని వీపు మీదే పడ్డాయి.

"సెడగొట్టీసేవు వొదినా! మగోడి బండిని ఆడబండి సేసీసేవు! నాకొద్దు" అని తాళం నా ముందు విసిరేసి పోయాడు.

తీసి కొంగున ముడివేసుకున్నాను.

మా ఆయన కుంటుకుంటూ వచ్చాడు. తలుపులోంచి చేతికర్ర చాపి, దాని కొసతో పెడల్‌ని నొక్కాడు. దిగింది. వదిలాడు. మళ్ళీ నొక్కాడు.

"మరి నా మోకాలో?" అన్నాడు మెల్లిగా.

మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళికి ముందునుంచీ బావ అనే పిలుస్తాను.

"తుప్పుకి పోనాది బావా" అన్నాను.

ఈసారి మా ఆయన నవ్వలేదు. నేను డ్రమ్ము నింపుకుని, బండి తీసి, మళ్ళకి నీళ్ళు పట్టుకెళ్ళాను.