మాట మార్చుకుంటే సున్నా

మా సోషల్ టీచర్ పోయిందని సోమవారం పొద్దున ముడిమ్యాల చర్చి మైకుల చెప్పిండ్రు. నేను చేవెళ్ల బస్సు కోసం నిలబడి ఉన్న. బస్సు వచ్చింది, పోయింది. ఎక్కలే.

ఏడుపు నాకు తర్వాత వచ్చింది. ముందు కోపమొచ్చింది. ఎందుకో చెప్త.

నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు మొయినాబాద్‌ల ఒక ప్రైవేటు స్కూలు పిల్లలకు ఫిలాసఫీ పోటీ పెట్టింది. మా సర్కారు బడి నుంచి నన్ను తీస్కపోయింది టీచరే. మంచి కోసం అబద్ధమాడొచ్చా అన్నది అంశం. ఆడొచ్చని నేను, వద్దని షాబాద్ పిల్ల. "మా నానమ్మకు క్యాన్సరని ఎవ్వరం చెప్పలే" అన్నది ఆ పిల్ల. "పోయేదాంక 'నాకేమైందే' అని నన్నే అడిగింది."

నేను మైకులనే చెప్పిన: "ఈమె చెప్పిందే సరైనది. నేను మార్చుకుంటున్న."

జడ్జి నవ్విండు. "పాయింట్లు అయిపోయినయా బాబూ?" సున్నా ఏసిండు.

టీచర్ లేచింది. "సార్, పొద్దటిసంది ఇక్కడ ఆలోచించింది వాడొక్కడే. మిగతావాళ్లు బట్టీ పట్టింది అప్పజెప్పిండ్రు."

"రూల్ అమ్మా."

"గట్లయితే పోటీ పేరు మార్చుండ్రి."

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌ల మా క్లాసులనే పోటీ. ఎవరన్న మనసు మార్చుకుంటే ముందుగాల చప్పట్లు కొట్టేది ఆమెనే. నేను దేవుడు లేడనే కరపత్రాలు చదివొచ్చి ఒర్రితే, "కోపం సగం ఆలోచనరా. మిగతా సగం ఎప్పుడు చేస్తవ్?" అనేది. ఇప్పటికీ ఆ సగం నాకు బాకీనే.

ఆమె పోయి వారం కాలే, అదే ప్రైవేటు స్కూలు ఇప్పుడు ఆమె పేరు మీద పోటీ పెడుతున్నది. ఫ్లెక్సీ మీద ఆమె ఫోటో. కింద రూల్స్: పక్షం మార్చినవారికి సున్నా మార్కులు.

ఆ స్కూలుకు పోయి అడిగిన. "పేరన్న తీయుండ్రి, రూలన్న తీయుండ్రి."

"ఫ్లెక్సీ కొట్టిచ్చేసినం తమ్మీ. యాది చేసుకుంటున్నం కద, నీకేం నొప్పి?"

నొప్పే. బతికున్నప్పుడు ఆమె మాట వినలే. ఇప్పుడు ఆమె ఫోటో కిందనే ఆమె మాటను కొట్టేసిండ్రు.

వచ్చే శనివారం మీ పిల్లల్ని పంపుతే ఒక్కటి చెప్పి పంపుండ్రి: ఎదుటోల్ల మాట సరైనదనిపిస్తే స్టేజీ మీదనే ఒప్పుకొమ్మని. సున్నా వస్తది. రానీయుండ్రి.

పోయిన నెల దవాఖానల ఆమెను చూసిన. దిండు పక్కన బైబిలు. నేను ఆగలే. "దేవుడుంటే మీకు గిట్ల ఎందుకైతది టీచర్?" అని గొంతు పెంచిన. నర్సు నన్ను బయటికి పొమ్మన్నది. టీచర్ చెయ్యెత్తి నర్సును ఆపింది. మెల్లగ లేచి కూసున్నది. చెవి మీది కొంగు పక్కకు జరుపుకొని, "మళ్లొకసారి చెప్పురా, సరిగ్గ వినలే" అని నా దిక్కు వంగింది.