చిన్నమ్మకు అందని మాటలు

మా ఫ్రెంచి టీచర్ పోయారన్న కబురు నాకు చైతన్యపురి మెట్రో మెట్ల మీద అందింది. ఎల్బీనగర్‌లో ఆమె ఉన్న ఆసుపత్రికే అప్పుడు వెళుతున్నాను. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "అక్క వెళ్లిపోయిందమ్మా. నువ్వు కంగారుపడి రోడ్డు దాటకు, నిదానంగా రా," అంది. కోచింగ్ సెంటర్ల పిల్లలు బ్యాగులతో నన్ను రాసుకుంటూ ఎక్కిపోతున్నారు. నేను రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లకు లాగా మొహం వేడెక్కింది.

టీచర్‌కి చెల్లెలు కాబట్టి ఆవిడ మా క్లాసు పిల్లలందరికీ చిన్నమ్మ. అక్కచెల్లెళ్లది ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన యానాం. అక్కను అక్కడి ఫ్రెంచి బడికి పంపారు, చెల్లెల్ని ఇంటిపనికి అట్టేపెట్టారు. అక్క పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం దొరికి హైదరాబాదు వచ్చేటప్పుడు, భర్త పోయి ఒంటరిగా ఉన్న చెల్లెల్ని వెంట తెచ్చుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీది రెండు గదుల కిరాయి ఇంట్లోనే ఇద్దరి జీవితమూ గడిచింది.

మూసారాంబాగ్‌లోని మా బడి చిన్నదే. అందులో ఒక్క సెక్షన్ మాత్రం ఊళ్లో ఎక్కడా లేని తీరుగా ఉండేది. లెక్కలు, భూగోళం ఫ్రెంచిలో. సైన్సు, చరిత్ర ఇంగ్లీషులో. ఎల్బీనగర్ ఇంకా పొలాలుగా ఉన్నప్పటి నుంచీ మేం అక్కడివాళ్లమే. నాన్న ఉన్న భూమిని ప్లాట్లు చేసి అమ్మేవాడు. నన్ను చేర్పించిన రోజు టీచర్ బల్ల ముందు నిలబడి నిలదీశాడు.

"గీ ఫ్రెంచి ఏంది టీచరమ్మా? మా పిల్ల ఎవలతోని మాట్లాడతది? పాలోడు మాట్లాడతడా, ఆటో ఆయన మాట్లాడతడా?"

"ఎవరూ మాట్లాడరండి," అన్నారు ఆమె. "ఈ ఊళ్లో నేనూ, మా ఇంటి గోడా మాట్లాడుకుంటాం. మీ అమ్మాయి కూడా వస్తే ముగ్గురమవుతాం."

నాన్న పడీ పడీ నవ్వాడు. ఫీజు కట్టేసి వచ్చాడు.

ఆమె పద్ధతి ఒకటుండేది. పొద్దున ఫ్రెంచిలో విన్న పాఠాన్ని మధ్యాహ్నం మాలో ఒకరు లేచి, ఫ్రెంచి రాని పక్క సెక్షన్ వాళ్లకు ఇంగ్లీషులో చెప్పాలి. అదీ నాలుగు మాటల్లో. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఆమె వినేవారు. అదనంగా ఒక్క ముక్క దొర్లినా సుద్దపొడి అంటిన అరచెయ్యి పైకి లేచేది. "విన్నదంతా ఒలకబొయ్యకు. అవతలివాళ్లకి కావాల్సిందే చెప్పు." ఈ పనిలో క్లాసు మొత్తానికి నేనే ముందుండేదాన్ని. నన్ను 'టెలిగ్రాం' అని ఏడిపించేవాళ్లు. నాకది లోలోపల గర్వంగా ఉండేది.

ఆదివారాలు ఆమె ఇంటికి వెళితే ఫ్రెంచి పాఠాలు పైకి చదివించేవారు. చిన్నమ్మ ఉప్మా ప్లేట్లు అందించి వంటగది గుమ్మంలో నిలబడి వినేది. "పావురాళ్లు కబుర్లాడుకున్నట్టుంటుందే మీ చదువు," అనేది. "నీకు అర్థమైతే కదా!" అని టీచర్ ఆటపట్టించేవారు. అందరం నవ్వేవాళ్లం. చిన్నమ్మ కూడా నవ్వేది.

ఆ చదువే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. ఫ్రాన్సులోని మేనేజర్లకూ ఇక్కడి ఇంజినీర్లకూ మధ్య కూర్చుని, గంటసేపు సాగిన వాదనను రెండు నిమిషాల్లో చెప్పడం నా ఉద్యోగం. కానీ నాకు దక్కిన అసలు మేలు జీతం కాదనుకుంటాను. ఒకే నది గురించి పొద్దున ఒక భాషలో, మధ్యాహ్నం మరో భాషలో నేర్చుకున్న పిల్లకు, ఏ సంగతికైనా చెప్పే తీరు ఒక్కటే ఉంటుందన్న మొండితనం పోతుంది. రెండో మాట కోసం వెతుక్కునే ఆ కాస్త వ్యవధిలో కోపం చల్లారుతుంది. ఏదీ ఒక పట్టాన తేల్చుకోలేని నా అనుమానపు బుద్ధి కూడా అక్కడి నుంచి వచ్చిందేనేమో. దాన్ని లాభంలో వెయ్యాలో నష్టంలో వెయ్యాలో తెలియదు.

పెద్ద అంబర్‌పేట్‌లో ఫ్లాట్లు అమ్మే మా క్లాస్‌మేట్ ఒకడు, టీచర్‌ని సమాధి చేసిన రోజు నా పక్కన నిలబడ్డాడు. "ఫ్రెంచి మొత్తం మర్చిపోయిన. బోంజూర్ తప్ప ఒక్క ముక్క రాదు," అన్నాడు. "గానీ కస్టమర్ ఎంత ఒర్రినా ముందుగాల మొత్తం వింట. మా ఇంటామె పరేషాన్ అయితది, 'ఏందయ్యా, జవాబియ్యవ్?' అని. ఏం జేస్తం, టీచర్ పెట్టిన రోగం."

అతనికి మిగిలింది వినడం. నాకు మిగిలింది కుదించడం. ఆ తేడా అతనికి చెప్పలేకపోయాను.

పోవడానికి కొద్దిరోజుల ముందు టీచర్‌కి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయి, తిరిగి వచ్చేసరికి తెలుగు రాలేదు, ఇంగ్లీషూ రాలేదు. ఫ్రెంచి ఒక్కటే వచ్చింది. ఇలా జరగడం ఉందనీ, ఎవరికి ఏ భాష మిగులుతుందో ముందు చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. చిన్నమ్మ తెలుగులో ఏమన్నా అర్థమయ్యేది, తల తిప్పి చూసేవారు, జవాబు మాత్రం ఫ్రెంచిలో ఇచ్చేవారు. నర్సు నాకు ఫోన్ చేసింది. "మేడం, పెద్దమ్మ ఏమో చెప్తనే ఉన్నది, మాకు సమజైతలేదు. జర మీరు రారాదు?"

సెలవు పెట్టి రోజూ వెళ్లాను. నన్ను చూడగానే ఆమె మొహం తేటపడేది. ఆమె మాట్లాడేవారు. నేను విని, డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పేదాన్ని. ఎడమ భుజంలో నొప్పి. మింగడం కష్టంగా ఉంది. ముక్కులో గొట్టం వద్దంటున్నారు. నన్ను డాక్టరు మెచ్చుకున్నాడు కూడా.

మంచానికి అటు పక్క స్టూలు మీద చిన్నమ్మ కూర్చుని ఉండేది.

"ఏమందమ్మా?"

"ఏం లేదు చిన్నమ్మా, భుజం నొప్పంట."

"అంతసేపు మాట్లాడింది కదా?"

"అదే, నొప్పి గురించే."

చిన్నమ్మ తల ఊపి, మళ్లీ అక్క పెదాల వైపు చూస్తూ కూర్చునేది.

అంతసేపు మాట్లాడింది నొప్పి గురించి కాదు. వైద్యానికి పనికొచ్చేది ఏరుకుని మిగతాది వదిలేశాను. ఆ మిగతాదంతా చిన్నమ్మ గురించే. దాచాలని కాదు. ఫ్రెంచి విన్నాక నా నోరు ఇంగ్లీషు వైపే తిరుగుతుంది, నాలుగు మాటల్లోనే ఆగుతుంది. అలా పెరిగాను. ఒక రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఇది తట్టి, పొద్దున్నే చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాలని బయల్దేరాను. ఆ పొద్దునే మెట్రో మెట్ల మీద ఫోన్ మోగింది.

సమాధి అయ్యాక ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ ఇంటికి వెళ్లాను. స్టవ్ వెలిగించిన జాడ లేదు. పక్కవాటాల వాళ్లు పంపిన గిన్నెలు మూత తియ్యకుండా వరసగా ఉన్నాయి. ఇప్పుడు చెబితే చిన్నమ్మకు ఊరటా, లేక నా బరువు తెచ్చి ఆమె నెత్తిన పెట్టడమా? ఎంతకీ తేలలేదు. తేలకుండానే నోరు విప్పాను.

"చిన్నమ్మా, టీచర్ మాట్లాడింది నొప్పి గురించి కాదు. నేనే మీకు చెప్పలేదు."

"తెలుసు," అంది. "నొప్పి గురించి అంత ముచ్చటగా ఎవరు మాట్లాడతారే?"

"మరి అడగలేదేం?"

"అడిగాను కదమ్మా. రోజూ అడిగాను."

తడబడుతూ తెలుగులో మొదలుపెట్టాను. "నేను వెళ్లగానే ముందు, 'అది తిన్నదా?' అనేవారు. 'ఆ స్టూలు మీద దాని నడుం పడిపోతుంది, కుర్చీ వేయించు' అన్నారు. 'నేను లేకపోతే వండుకోదు. మజ్జిగ తాగి పడుకుని, తిన్నానని చెబుతుంది, నమ్మకు' అన్నారు."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "దొంగమొహంది, ఎప్పుడు కనిపెట్టిందో!"

ఆ తర్వాతి మాట దగ్గర ఆగాను. దాన్ని కుదించేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. కుదించలేదు. "'ఊళ్లో పిల్లలందరికీ నేర్పాను, పక్కగదిలో ఉన్నదానికి నేర్పలేదు. ఇప్పుడు దానితో మాట్లాడ్డానికి నా దగ్గర ఏమీ లేదు' అని ఏడ్చారు."

చిన్నమ్మ నోటి మీది కొంగు తీసేసింది.

"నేర్పబోయింది," అంది. "నేనే, పొయ్యి మీద చారు పొంగుతోందని పారిపోయేదాన్ని. అప్పుడే చెప్పుంటే ఆ ముక్క దాంతో అనేదాన్ని. నవ్వేది."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

లేచి వంటగదిలోకి వెళ్లింది. మూత తీసిన చప్పుడైంది. కంచంలో కాస్త అన్నం, ఎవరో పంపిన పప్పు వేసుకొచ్చి నాకెదురుగా నేల మీద కూర్చుంది.

"ఇంకేమందో చెప్పు," అంది. "ఏదీ వదలకు."

మొదటి రోజు నుంచి అందుకున్నాను. సగం సగం మాటలు, అర్థం లేనివి, ఒకటికి రెండుసార్లు అన్నవి, అన్నీ. చిన్నమ్మ ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్లి, నా మాట పూర్తయ్యేదాకా దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.