అమ్మ పాట, అరడజను ల్యాప్‌టాప్‌లు

అమెరికాలో మా ఊరు కాపెల్‌లో శనివారం భోజనానికి ఎవరింటికి ఎవరు వెళ్ళినా, గుమ్మంలో చెప్పులు విప్పకముందే అడిగే మాట ఒకటుండేది. "వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" ఎలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు అనేవి ఆ తర్వాత. రెండోసారి వచ్చేవాళ్ళకి ఆ మాటా అక్కర్లేదు. పాస్‌వర్డ్ వాళ్ళ ఫోన్లకి గుర్తుండేది కాబట్టి, మనిషి ఇంకా కారు దిగుతుండగానే ఫోన్ మా ఇంట్లోకి వచ్చేసేది. ఈ మర్యాద మీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు.

రెండు వేల పన్నెండు ప్రాంతంలో మావాళ్ళకి ఇంట్లో మీడియా సర్వర్ పెట్టుకునే పిచ్చి పట్టింది. మా ఆయన పాత డెస్క్‌టాప్ ఒకటి మెట్ల కింద అరలో, చీపురూ వాక్యూమ్ క్లీనరూ పక్కన పెట్టి దానికి సర్వర్ అని పేరు పెట్టాడు. ఇంట్లో ఉన్న డీవీడీలూ, ఫొటోలూ, వీడియో క్యాసెట్లూ అన్నీ అందులోకి ఎక్కించాడు. టీవీ పక్కన అరచేయంత పెట్టె ఒకటుంటుంది. అది వైఫై మీద ఆ సర్వర్‌లో ఉన్నవి తెచ్చి టీవీలో చూపిస్తుంది. జరిగేది ఇంతే. దానికి ఆయన పడ్డ హడావిడి చూస్తే ఇంట్లోంచి రాకెట్ పంపుతున్నాడేమో అనుకోవాలి. పక్కింటివాళ్ళు మా ఇంటర్నెట్ దొంగిలిస్తారని, ఇన్ని పరికరాలకి మించి చోటివ్వకూడదని వైఫై ఇచ్చే రౌటర్‌లో హద్దు కూడా పెట్టాడు. ఆ హద్దు సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసేవాడు. మా పక్కింట్లో ఉండేదల్లా ఈమెయిల్ తెరవడానికి కొడుక్కి ఫోన్ చేసే ముసలి దంపతులు.

సర్వర్‌లోకి ఎక్కినవాటిలో మా పెళ్ళి క్యాసెట్ ఉంది. ఎక్కించాక ఆ క్యాసెట్‌నీ, దాన్ని ఆడించే పాత వీసీఆర్‌నీ కలిపి పారేశాడు. "ఇంకా ఎందుకు, అంతా సర్వర్‌లో ఉందిగా" అన్నాడు. ఆ క్యాసెట్‌లో మా అమ్మ మంగళహారతి పాడుతుంది.

తెనాలిలో మా వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా, పేరంటమయినా హారతి వేళకి అమ్మకి కబురొచ్చేది. నా పెళ్ళయిన కొన్నాళ్ళకి ఆవిడకి థైరాయిడ్ ఆపరేషన్ జరిగి గొంతు దెబ్బతింది. మాట వస్తుంది గానీ బొంగురుగా, సగం గాలి, సగం మాట. పాట ఇక రాలేదు. నా కూతురు పుట్టింది ఆ తర్వాతే. అమ్మమ్మ బాగా పాడేదట అని అది వినడమే గానీ పాట వినలేదు. సర్వర్ పెట్టిన ఏడు అమ్మ మా దగ్గర ఆరు నెలలుంది. ఉన్నన్నాళ్ళూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, వెళ్ళే వారం వంటింట్లో నా పక్కన నిలబడి అడిగింది.

"ఆ క్యాసెట్టు ఒకసారి పిల్లకి చూపించవే. నేను పక్కనున్నప్పుడే వినాలి. లేకపోతే అది నేనేనని దానికెలా తెలుస్తుంది?"

ఆ సాయంత్రమే చూపించేసే పని. కానీ మా ఆయన చెవిన పడింది. "అలా కాదు అత్తయ్యగారూ, శనివారం అందరినీ భోజనానికి పిలుస్తాం కదా, పెద్ద టీవీలో అందరి ముందూ వేద్దాం" అన్నాడు. ఆదివారం పొద్దున్నే అమ్మ ఫ్లైట్. అల్లుడి మాటకి అడ్డు చెప్పడం ఆవిడకి చేతకాదు. "మీ ఇష్టం అల్లుడుగారూ" అంది. ఆయన చూపించుకోవాలనుకున్నది అమ్మ పాట కాదు, తన సర్వర్.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా సర్కిల్‌లో ఆ మాట వినగానే మగవాళ్ళ పెదవి కొంచెం వంకర తిరుగుతుంది. కోడ్ రాసేవాళ్ళు దేవుళ్ళు, తప్పులు పట్టేవాళ్ళు పనిలేనివాళ్ళు. అలవాటు కొద్దీ శనివారం పొద్దున, అమ్మా పిల్లా లేవకముందే, సౌండ్ తీసేసి వీడియో ఆడించి చూశాను. బాగానే ఆడింది. మధ్యాహ్నం ఇంటి ముందు కార్లు ఆగుతుండగా మా ఆయన, షోకి ముందు అన్నీ ఫ్రెష్‌గా ఉండాలంటూ రౌటర్‌నీ, సర్వర్‌నీ, టీవీ పెట్టెనీ ఆపేసి మళ్ళీ ఆన్ చేశాడు.

అందరూ చేరారు. అమ్మ పట్టుచీర కట్టుకుని సోఫా మధ్యలో కూర్చుంది. పిల్ల ఆవిడని ఆనుకుని కూర్చుంది. మా ఆయన గొంతు సవరించుకుని రిమోట్ నొక్కాడు. టీవీలో చిన్న చక్రం ఒకటి తిరిగింది. తిరుగుతూనే ఉంది. కాసేపటికి నెట్‌వర్క్ దొరకలేదని అక్షరాలు వచ్చాయి.

ఇక చూడాలి మావాళ్ళ సంబరం. భోజనానికి పిలిస్తే ల్యాప్‌టాప్ బ్యాగ్ భుజాన వేసుకుని వచ్చే జాతి. ఉగాది పచ్చడి కంటే వీళ్ళకి పాడైన రౌటర్ రుచి. అరడజను ల్యాప్‌టాప్‌లు నా డైనింగ్ టేబుల్ మీద పప్పుగిన్నెలూ పులిహోరా పక్కకి నెట్టి తెరుచుకున్నాయి.

"డీఎన్ఎస్ ఇష్యూ బ్రో" అన్నాడొకాయన.

"కాదు కాదు, ఫైర్‌వాల్ బ్లాక్ చేస్తోంది" అన్నాడు ఇంకొకాయన, నోట్లో గారె ఉండగానే.

మూడో ఆయన ఫ్రీమాంట్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. ఆ మహానుభావుడు ఇల్లు చూడకుండా, టీవీ చూడకుండా, "రౌటర్ మార్చేయండి, వేస్ట్" అని తీర్పు చెప్పాడు. రౌటర్‌ని మళ్ళీ మళ్ళీ ఆపి ఆన్ చేశారు. ఆన్ చేసిన ప్రతిసారీ అందరి ఫోన్లూ టింగుమంటూ వైఫై అందుకునేవి. టీవీ పెట్టె మాత్రం ముసలాయన కుర్చీలోంచి లేచినట్టు మెల్లగా లేచి, చక్రం తిప్పి, దొరకలేదనేది. ఒక్కడి కంట కూడా ఆ తేడా పడలేదు.

నా కంట పడింది. పొద్దున పనిచేసింది, ఇప్పుడు చెయ్యడం లేదు. మధ్యలో మారిందేమిటి? వీళ్ళు వచ్చారు. మా ఆయన అన్నీ ఆపి ఆన్ చేసినప్పుడు, టీవీ పెట్టె లేచేలోపు వీళ్ళ ఫోన్లు ముందు దూరాయి. బంతిలో వేసిన విస్తళ్ళన్నిటి ముందూ చుట్టాలు కూర్చుంటే ఇంటిమనిషికి చోటు లేనట్టు, మా ఆయన పెట్టిన హద్దు కాస్తా వీళ్ళ ఫోన్లతో, పిల్లల టాబ్లెట్లతో నిండిపోయింది. పైగా బాగుచేస్తానని వచ్చిన ప్రతివాడూ ల్యాప్‌టాప్ తెరిచి ఇంకో విస్తరి పట్టుకున్నాడు. ఎంత మంది బాగుచేస్తే అంత పాడవుతుంది.

చెప్పాను. "మీ హద్దు నిండిపోయింది. ఆ హద్దన్నా తీసేయండి, లేకపోతే వీళ్ళందరి ఫోన్లన్నా కాసేపు వైఫై ఆపించండి."

మా ఆయన నవ్వాడు. "సెక్యూరిటీ సెట్టింగ్ అది, దాన్ని ముట్టుకోకూడదు."

"వదినా, ఫోన్లకీ దీనికీ సంబంధం లేదండి, ఇది లోకల్ ట్రాఫిక్" అన్నాడు డీఎన్ఎస్ ఆయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోంచి స్టీలు బేసిన్ తెచ్చి అందరి ముందూ తిప్పాను. "ఫోన్లు ఇందులో పెట్టండి, పాట అయిపోగానే ఇచ్చేస్తాను." ఒక్కరు పెట్టలేదు. ఒకాయనకి వీసా లాయర్ దగ్గర్నుంచి మెయిల్ రావాలట, శనివారం మధ్యాహ్నం. ఇంకొకావిడ చేతిలో ఫోన్ లేకపోతే పిల్లాడు అన్నం తినడట. ఫైర్‌వాల్ ఆయనకి క్రికెట్ స్కోరు. ఒక ముసలావిడ పాట వినడానికి వచ్చిన పెద్దమనుషులు, కాసేపు ఫోన్ వదల్లేరు. ఖాళీ బేసిన్‌తో సోఫా దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పోనీలేమ్మా. వాళ్ళకి భోజనాలు పెట్టు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, అమ్మ మీద కూడా. పెట్టాను భోజనాలు. తిన్నారు, బాగా తిన్నారు. తింటూ కొత్త రౌటర్ ఏది కొనాలో నిర్ణయించారు. మిగిలిన పులిహోర డబ్బాల్లో సర్దించుకుని, "అమ్మగారూ, హ్యాపీ జర్నీ" అని సాయంత్రానికి బయల్దేరారు. పాట సంగతి గుమ్మం దగ్గర ఒక్కరికీ గుర్తు లేదు.

ఆఖరి కారు మలుపు తిరిగాక లోపలికి వచ్చి టీవీ పెట్టె ప్లగ్ పీకి మళ్ళీ పెట్టాను. రిమోట్ నొక్కాను. చక్రం తిరగనైనా తిరగలేదు. పెళ్ళిపందిరి వచ్చింది. జనంలోంచి కెమెరా అమ్మ మీదికి వెళ్ళింది. అమ్మ పాట అందుకుంది.

ఆ గొంతు ఎలా ఉందో నేను రాయలేను. ఎన్నో ఏళ్ళుగా నేనూ వినలేదు. అమ్మ టీవీ వైపు చూడటం లేదు, పిల్ల మొహం వైపు చూస్తోంది.

పిల్ల నొసలు ముడిచింది. "దట్స్ నాట్ అమ్మమ్మ. అమ్మమ్మ వాయిస్ అలా లేదు."

"అమ్మమ్మే నాన్నా" అన్నాను.

"నో. అది వేరే ఆంటీ."

అమ్మ ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు. అప్పుడు పిల్ల టీవీ దగ్గరికి వెళ్ళి వేలితో చూపించింది. తెరమీద అమ్మ కుడిచెయ్యి తొడమీద తాళం వేస్తోంది. దెబ్బ వేసి, చిటికెనవేలి నుంచి ఒక్కొక్క వేలూ తాకించి, మళ్ళీ దెబ్బ. పిల్ల వెనక్కి తిరిగింది. సోఫాలో అమ్మ చెయ్యి కూడా అదే వేస్తోంది, ఆవిడకి తెలియకుండానే.

"సేమ్ చెయ్యి!" అని అరిచింది పిల్ల. పరుగెత్తుకొచ్చి అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని తన తొడమీద తనూ కొట్టడం మొదలుపెట్టింది. అంతా తప్పే. అమ్మ దాని చిటికెనవేలు పట్టుకుంది. "అది కాదు, ఇలా" అంది, ఆ బొంగురు గొంతుతోనే.

వెనక మా ఆయన ఫోన్‌లో ఉన్నాడు, డీఎన్ఎస్ ఆయనతో. "ఫైనల్‌గా ఫిక్స్ చేశాను బ్రో. సెట్టింగ్ ఇష్యూనే, నేను ముందే అనుకున్నా." మాట మధ్యలో ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఏమోయ్, కాల్‌లో ఉన్నాను. కొంచెం సౌండ్ తగ్గిస్తావా?"

రిమోట్ నా చేతిలోనే ఉంది. పెంచాను.